వెనక వచ్చే అడుగుల చప్పుడు

సభకు నమస్కారం.

1973 జనవరి చివరి వారంలో స్కాట్లాండ్‌లో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడికి ఒంట్లో బాగాలేకపోయింది. ఆ శనివారం ఆయన కార్డిఫ్‌లో ఉండాలి. ఒక రగ్బీ మ్యాచ్‌కు బీబీసీ టీవీలో కామెంటరీ చెప్పాలి. వెళ్లలేకపోయాడు. ఆయన కుర్చీలో బీబీసీ వాళ్లు మరొకరిని కూర్చోబెట్టారు. ఆ మరొకరికి అంతకు ముందు సంవత్సరమే పక్షవాతం వచ్చింది. శరీరంలో ఒక భాగం చచ్చుబడింది, మాట పడిపోయింది. నడకనూ మాటనూ చిన్నపిల్లవాడిలా మొదటినుంచి కూడబలుక్కున్న మనిషి ఆయన.

ఆ రోజు ఆట మొదలైన కొద్ది నిమిషాలకే మైదానంలో ఒక అద్భుతం జరిగింది. దాన్ని ఆయన చెప్పిన తీరు ఈ రోజుకీ రగ్బీ లోకానికి కంఠోపాఠం. బదులుగా వచ్చిన ఆ మనిషి పేరు క్లిఫ్ మోర్గన్. నేటి నా ప్రసంగం ఆయన గురించి.

ముందే ఒక మనవి. కుర్రవాడి కథ చెబుతున్నప్పుడు 'అతను' అంటాను, మైకు పట్టుకున్న దగ్గరినుంచి 'ఆయన' అంటాను. ఏమీ అనుకోకండి, నోటికి అలా వస్తుంది.

మీలో చాలామంది రగ్బీ చూసి ఉండరు. చూసినవారికి కూడా అది కోలగా ఉన్న బంతి కోసం బురదలో కుమ్ములాటలాగానే కనిపించి ఉంటుంది. కాబట్టి ఒక్క నిమిషం నియమాల గురించి చెప్పనివ్వండి. జట్టుకు పదిహేను మంది. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చు, కాలితో తన్నవచ్చు. కానీ చేత్తో అందించేటప్పుడు మాత్రం ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. అంటే జట్టు ముందుకు వెళ్లాలంటే బంతి వెనక్కి వెళ్తూ ఉండాలి. ఇంత విచిత్రమైన నియమం మరే పెద్ద ఆటలోనూ లేదనుకుంటాను. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని 'ట్రై' అంటారు. ఆ తర్వాత నిలువు కొయ్యల మధ్యనుంచి తన్నే అవకాశం వస్తుంది. అది 'కన్వర్షన్'.

ఇక పదో నంబరు ఆటగాడి సంగతి. అతన్ని 'ఫ్లై హాఫ్' అంటారు. బలిష్ఠులందరూ తలలు కలిపి తోసుకునే గుంపు నుంచి బంతిని బయటికి తీసినవాడు మామూలుగా అందించేది ఇతనికే. తన్నాలా, పరుగెత్తాలా, పక్కవాడికి ఇవ్వాలా అన్నది ఇతనే తేల్చాలి. తేల్చుకోవడానికి ఉండే వ్యవధి ఒక గుక్క ఊపిరి. ఎందుకంటే అవతలి జట్టులో 'ఫ్లాంకర్' అని ఒకడుంటాడు. గుంపు అంచున పొంచి ఉండి, బంతి బయటపడగానే విడివడి వచ్చి ఈ పదో నంబరు వాణ్ణి పడగొట్టడమే అతని పని. ఫ్లై హాఫ్ జీవితమంతా ఫ్లాంకర్ అడుగుల చప్పుడు వింటూ గడిచిపోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

క్లిఫ్ మోర్గన్ 1930 ఏప్రిల్ 7న వేల్స్‌లోని రోండా లోయలో, ట్రెబానోగ్ అనే ఊళ్లో పుట్టాడు. అది బొగ్గు గనుల లోయ. తండ్రి గని కార్మికుడు. ఆ లోయల్లో పురుషుల జీవితం మూడు చోట్ల నడిచేది. ఒకటి గని, ఒకటి ఆటస్థలం, మూడోది ప్రార్థనామందిరం. వేల్స్ ప్రార్థనామందిరాల్లో పాట వేరు, ప్రసంగం వేరు అన్నట్టుండదు. మామూలుగా మొదలుపెట్టిన బోధకుడు వేడెక్కేకొద్దీ రాగంలోకి ఎక్కుతాడు. ఆ ఊపుకు వేల్ష్ భాషలో 'హుయిల్' అని పేరు. ఓడ తెరచాపను కూడా అదే మాటతో పిలుస్తారు. గాలి పోసుకున్న తెరచాప, ఊపు అందుకున్న గొంతు: రెండింటికీ ఒకే మాట పెట్టుకున్న జాతి వాళ్లది. మోర్గన్ కామెంటరీ విన్న ప్రతిసారీ నాకు ఈ మాటే గుర్తుకు వస్తుంది. ఆయన గొంతు ఏ శిక్షణాలయంలోనూ తయారైంది కాదు.

టోనిరెవైల్ గ్రామర్ స్కూల్లో నెడ్ గ్రిబుల్ అనే ఉపాధ్యాయుడు అతనికి రగ్బీ నేర్పాడు. 1949 నాటికి కార్డిఫ్ క్లబ్బులో చేరాడు. పొట్టివాడు, దిట్టమైన కాళ్లు. మెరుపులా కదిలేవాడు. 1951 మార్చిలో కార్డిఫ్‌లో ఐర్లాండ్‌తో జరిగిన మ్యాచ్‌లో వేల్స్ తరఫున తొలిసారి బరిలోకి దిగాడు. ఎదురుగా నిలబడింది ఎవరనుకున్నారు? జాక్ కైల్. మోర్గన్ దేవుడిలా చూసుకునే ఐర్లాండ్ ఫ్లై హాఫ్. ఆ మ్యాచ్ 3-3తో సమమైంది. తర్వాతి సంవత్సరం, 1952లో, వేల్స్ ఐదు దేశాల పోటీలో నలుగురు ప్రత్యర్థులనూ ఓడించింది. దాన్ని గ్రాండ్ స్లామ్ అంటారు.

ఆ ఏడాది డబ్లిన్‌లో జరిగిన మ్యాచ్ గురించి మోర్గన్ జీవితాంతం ఒక కథ చెప్పేవాడు. మ్యాచ్ చూడటానికి తండ్రి కూడా వెళ్లాడట. వేల్స్ ఆటగాడు కెన్ జోన్స్ ట్రై సాధించగానే ఆయన లేచి ఎంత గట్టిగా కేక వేశాడంటే, పెట్టుడు పళ్లు ఊడి ఎన్నో వరుసల కిందికి ఎగిరిపోయాయట. మళ్లీ కనబడలేదట. ఇందులో ఎంత నిజం, ఎంత మెరుగు అని నన్ను అడగకండి. కథ చెప్పేవాడు దాన్ని చెప్పినప్పుడల్లా పళ్లు ఇంకో వరుస కిందికి పోయి ఉంటాయి. అయితే ఒకటి గమనించండి. తన గొప్ప విజయం గురించి చెప్పాల్సిన చోట అతను తన పరుగుల గురించి చెప్పలేదు, ప్రేక్షకుల్లో కూర్చున్న ఒక గని కార్మికుడి నోటి గురించి చెప్పాడు.

1953లో ఒక నెల తేడాలో రెండు వింతలు జరిగాయి. ప్రపంచమంతా భయపడే న్యూజిలాండ్ జట్టు ఆల్ బ్లాక్స్ వచ్చింది. నవంబరులో కార్డిఫ్ క్లబ్బు దాన్ని 8-3తో ఓడించింది. డిసెంబరులో వేల్స్ 13-8తో ఓడించింది. రెండు జట్లకూ నాయకుడు బ్లెడిన్ విలియమ్స్, రెండింటిలోనూ ఫ్లై హాఫ్ మోర్గన్. ఆ తర్వాత ఇప్పటిదాకా వేల్స్ న్యూజిలాండ్‌ను ఒక్కసారి కూడా ఓడించలేదు.

ఇక 1955. బ్రిటన్, ఐర్లాండ్ ఆటగాళ్లను కలిపి కట్టిన 'లయన్స్' జట్టు దక్షిణాఫ్రికా వెళ్లింది. జట్టుకు పాటల గురువుగా మోర్గన్‌ను పెట్టుకున్నారు. నాలుగు దేశాల ఆటగాళ్లను కూర్చోబెట్టి అతను పాటలు నేర్పాడు. దిగిన రోజున విమానాశ్రయంలోనే ఆఫ్రికాన్స్ భాషలో 'సారీ మారే' పాడి వచ్చినవారందరినీ నివ్వెరపరిచారు.

మొదటి టెస్టు ఆగస్టు 6న, జొహానెస్‌బర్గ్ ఎల్లిస్ పార్కులో. దాదాపు 95,000 మంది ప్రేక్షకులు. అప్పటివరకు ఏ రగ్బీ మ్యాచ్‌కూ అంతమంది రాలేదు. ఆ స్టేడియంలో నల్లజాతివారికి విడిగా ఒక చోటు కేటాయించారని, వారు సొంత దేశం పేరు పెట్టుకున్న జట్టును కాదని, పర్యటనకు వచ్చిన జట్టుకు చప్పట్లు కొట్టేవారని కూడా చెప్పుకోవాలి. ఆ కాలపు దక్షిణాఫ్రికా రగ్బీ గురించి ఇది చెప్పకుండా అంకెలు మాత్రమే చెబితే సగం దాచినట్టే.

రెండో సగం మొదలైన కాసేపటికే లయన్స్ ఆటగాడు రెగ్ హిగ్గిన్స్ గాయపడి బయటికి వెళ్లాడు. ఆ రోజుల్లో బదులు ఆటగాణ్ణి దింపే నియమం లేదు. పద్నాలుగు మంది మిగిలారు. అప్పుడు బంతి మోర్గన్ చేతికి వచ్చింది. అతన్ని వేటాడటానికి దక్షిణాఫ్రికా నియమించిన ఫ్లాంకర్ బేసీ వాన్ వైక్. అనుభవశాలి, కరుకైన ఆటగాడు. మోర్గన్ అతనికి చిక్కలేదు. అతను చేయి చాపే లోపల అంచునుంచి దూసుకుపోయి, తల వెనక్కి వాల్చి పరుగెత్తి, కొయ్యల వైపు వెళ్లి బంతి ఆనించాడు. పద్నాలుగు మంది జట్టుకు ప్రాణం లేచివచ్చింది.

చివరి క్షణాల్లో దక్షిణాఫ్రికా ఒక ట్రై సాధించి 23-22 దాకా వచ్చింది. కన్వర్షన్‌కు రెండు పాయింట్లు. పడితే గెలుపు. జాక్ వాన్ డెర్ స్కైఫ్ తన్నాడు. బంతి పక్కకు పోయింది. తల వేలాడేసి నిలబడ్డ అతని ఫొటో దక్షిణాఫ్రికా క్రీడాచరిత్రలో ఒక విషాద చిత్రం. నాలుగు టెస్టుల్లో చెరి రెండు గెలిచారు. ప్రిటోరియాలో గెలిచిన మూడో టెస్టుకు నాయకుడు మోర్గనే. అక్కడి పత్రికలు అతన్ని 'మహనీయ మోర్గన్' అన్నాయి. పొగడ్త ఓడిన దేశంనుంచి రావడం మామూలు విషయం కాదు.

తర్వాత కొంతకాలం డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తూ బెక్టివ్ రేంజర్స్ క్లబ్బుకు ఆడాడు. జనం ఆ క్లబ్బును 'మోర్గన్ రేంజర్స్' అని వేళాకోళం చేసేవారు. పెళ్లి కూడా ఐర్లాండ్ అమ్మాయినే చేసుకున్నాడు. 1956లో వేల్స్‌కు నాయకత్వం వహించి ఐదు దేశాల పోటీ గెలిపించాడు. 1958లో, ఇరవై ఎనిమిదేళ్లకే, ఆట మానేశాడు. వేల్స్ తరఫున 29 మ్యాచ్‌లు, లయన్స్ తరఫున 4 టెస్టులు.

అంత త్వరగా ఎందుకు మానేశాడంటే, అప్పటి రగ్బీ కడుపు నింపే ఆట కాదు. రగ్బీ యూనియన్‌లో ఆటగాడు డబ్బు తీసుకోకూడదన్న నియమం 1995 దాకా నడిచింది. ఆట శనివారం నాటిది, అన్నం మిగిలిన రోజుల సంగతి. గొప్ప ఆటగాళ్లు కూడా బడిపంతుళ్లుగానో గుమాస్తాలుగానో బతికారు. మోర్గన్‌కు వేల్స్ బీబీసీలో క్రీడా కార్యక్రమాలు చూసుకునే ఉద్యోగం దొరికింది. అక్కడినుంచి ఆయన రెండో జీవితం మొదలైంది.

ఆ రెండో జీవితాన్ని మొత్తం చెప్పబోను. పదవుల జాబితా ఎవరికి కావాలి? శనివారం క్రీడా ప్రసారాలను నడిపించాడు. ఐటీవీ అనే మరో చానెల్‌లో వర్తమాన వ్యవహారాల కార్యక్రమానికి సంపాదకుడుగా ఉన్నాడు. 'ఎ క్వశ్చన్ ఆఫ్ స్పోర్ట్' అనే ప్రశ్నల కార్యక్రమంలో ఒక జట్టుకు బాక్సర్ హెన్రీ కూపర్, మరో జట్టుకు ఈయన నాయకులు. నాకు ముఖ్యమనిపించేది ఒక్కటే. చాలామంది మాజీ ఆటగాళ్లు స్టూడియోలోకి వచ్చి అభిప్రాయం చెప్పి వెళ్లిపోతారు. ఈయన ప్రసారం అనే పనిని కింది మెట్టునుంచి నేర్చుకున్నాడు. కెమెరా ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు మార్చాలి, తెరమీద కనిపిస్తున్నదాన్ని మళ్లీ నోటితో ఎందుకు చెప్పకూడదు అన్నవి ఆయనకు తెలుసు.

ఇక్కడ నా సొంత అవమానం ఒకటి చెప్పుకుంటాను. కుర్రతనంలో ఒకసారి ఒక ఫుట్‌బాల్ పోటీకి నాకు మైకు ఇచ్చారు. మౌనం అంటే చచ్చేంత భయం నాకు. నోరు మూస్తే జనం లేచి వెళ్లిపోతారనుకున్నాను. అందుకని ఆటగాళ్ల చదువులు, చొక్కాల రంగులు, ఆకాశంలో మబ్బులు, ఏదీ వదలలేదు. గోలు పడిన క్షణంలో నేను మైదానం చుట్టూ ఉన్న చెట్ల గురించి చెబుతున్నాను. జనం హోరెత్తాక గాని ఏదో జరిగిందని నాకు తెలియలేదు. ఆ రోజునుంచి నేను కామెంటరీ చెప్పేవాళ్లను మాటల కోసం కాకుండా, వాళ్లు ఏం వదిలేస్తున్నారో తెలుసుకోవడం కోసం వింటున్నాను.

మళ్లీ 1973కు వద్దాం. అంతకు ముందు, ఆ రోజు రాలేకపోయిన స్కాట్లాండ్ వ్యాయామ ఉపాధ్యాయుడి రుణం తీర్చుకోవాలి. ఆయన బిల్ మెక్‌లారెన్. ఆయన ఊరు హాయిక్. ఆయన ఫ్లాంకర్! రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలో పోరాడి తిరిగి వచ్చాడు. 1947లో స్కాట్లాండ్ జట్టు ఎంపిక మ్యాచ్ కూడా ఆడాడు. జట్టు చొక్కా దాదాపు చేతికి అందినట్టే. అంతలో క్షయ సోకింది. ఈస్ట్ ఫార్చ్యూన్ అనే చోట ఉన్న శానిటోరియంలో నెలల తరబడి పడుకున్నాడు. అప్పుడే కొత్తగా వచ్చిన స్ట్రెప్టోమైసిన్ మందును ప్రయోగాత్మకంగా కొద్దిమంది రోగులకు ఇచ్చారు, వారిలో ఆయన ఒకడు. బతికాడు. ఆటకు మాత్రం పనికిరాకుండా పోయాడు. ఆ శానిటోరియంలోనే రోగులు ఆడుకునే టేబుల్ టెన్నిస్‌కు ఆస్పత్రి రేడియోలో కామెంటరీ చెప్పడం మొదలుపెట్టాడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషి గొంతుతో బతకడం నేర్చుకున్నది అక్కడే.

మెక్‌లారెన్ పద్ధతి వేరు. ప్రతి మ్యాచ్‌కు ముందు ఒక పెద్ద కాగితం మీద ఇరు జట్ల ఆటగాళ్ల వివరాలన్నీ రంగురంగుల సిరాలతో రాసుకునేవాడు. అందులో పదోవంతు కూడా వాడేవాడు కాదు. 1953లో బీబీసీ రేడియోలో మొదలైన ఆయన గొంతు 2002 దాకా వినిపించింది. ఆఖరి మ్యాచ్ రోజున కార్డిఫ్ స్టేడియంలో జనమంతా ఆయన కోసం పాట పాడారు. దేశానికి ఒక్క మ్యాచ్ కూడా ఆడని వ్యక్తిని 2001లో అంతర్జాతీయ రగ్బీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. అలాంటి గౌరవం దక్కిన మొదటివాడు ఆయనే. ఎవరు గొప్ప, మెక్‌లారెనా మోర్గనా అంటే నేను తడుముకోకుండా మెక్‌లారెన్ అంటాను. ఏడాదికేడాది, వానలో చలిలో, ఒకే నాణ్యతతో పని చేసినవాడు ఆయన. కానీ ఆ ఒక్క శనివారం మోర్గన్‌ది.

జనవరి 27. కార్డిఫ్ ఆర్మ్స్ పార్కు. ఒకవైపు ఆల్ బ్లాక్స్, మరోవైపు బార్బేరియన్స్. ఈ బార్బేరియన్స్‌కు సొంత మైదానం లేదు. ఆహ్వానించిన ఆటగాళ్లతో అప్పటికప్పుడు కూర్చే జట్టు. ఆ రోజు ఆటగాళ్ల గదిలోకి కార్విన్ జేమ్స్‌ను పిలిపించి రెండు మాటలు చెప్పించారు. ఈయన ఎవరు? 1971లో న్యూజిలాండ్ గడ్డమీద సిరీస్ గెలిచిన లయన్స్‌కు శిక్షకుడు. అంతకన్నా రుచికరమైన సంగతి ఒకటి ఉంది. ఈయన కూడా ఫ్లై హాఫే. మోర్గన్ తరంవాడే. మోర్గన్ ఉన్నంతకాలం వేల్స్ జట్టులో ఆ స్థానం ఇంకెవరికీ దొరకదు కదా! జేమ్స్ వేల్స్ తరఫున ఆడింది రెండే రెండు మ్యాచ్‌లు. ఆ జేమ్స్ ఇప్పుడు ఫిల్ బెనెట్ అనే కుర్ర ఫ్లై హాఫ్‌తో, నీ క్లబ్బు మైదానంలో ఎలా ఆడతావో ఇక్కడా అలాగే ఆడు, భయపడకు అని చెప్పి పంపాడు.

చూశారా, ముగ్గురు ఫ్లై హాఫ్‌లు. ఒకరు గదిలో, ఒకరు మైదానంలో, ఒకరు మైకు ముందు.

న్యూజిలాండ్ ఆటగాడు బ్రయన్ విలియమ్స్ బంతిని పైకి తన్నాడు. అది దొర్లుకుంటూ బార్బేరియన్స్ గీత వైపు పోయింది. బెనెట్ వెనక్కి పరుగెత్తి, తన కొయ్యల ముందు దాన్ని అందుకున్నాడు. అక్కడ ఎవరైనా చేసేది ఒక్కటే, బంతిని బయటికి తన్ని ఊపిరి పీల్చుకోవడం. అతను తన్నలేదు. మీద పడబోయినవాణ్ణి ఒక కాలి విదుపుతో తప్పించుకున్నాడు. రెండోవాణ్ణి, మూడోవాణ్ణి అలాగే. బంతి తన జట్టులోని జాన్ విలియమ్స్ చేతికి వెళ్లింది. అతని మెడ చుట్టూ బ్రయన్ విలియమ్స్ చేయి పడింది. అయినా బంతి పులిన్‌కు, అతనినుంచి నాయకుడు జాన్ డాస్‌కు, డాస్‌నుంచి టామ్ డేవిడ్‌కు, అతనినుంచి క్వినెల్‌కు చేరింది. క్వినెల్ ఎడమ అంచున ఉన్న జాన్ బెవన్ వైపు బంతి ఇస్తుండగా, ఎక్కడినుంచి వచ్చాడో గారెత్ ఎడ్వర్డ్స్, మధ్యలో అందుకుని మూలకు దూకాడు. ట్రై. ఏడుగురి చేతులు మారిన బంతి. మైదానం ఆ చివరినుంచి ఈ చివరిదాకా.

ఇప్పుడు మోర్గన్ ఏం చెప్పాడో వినండి. నా తెలుగులో చెబుతాను. 'కర్క్‌పాట్రిక్‌నుంచి విలియమ్స్‌కు... భలేగా ఉంది ఆట! ఫిల్ బెనెట్ వెనక్కి కాస్తున్నాడు, వెంటపడుతున్నది అలిస్టర్ స్కోన్... అద్భుతం! ఓహ్, అద్భుతం! జాన్ విలియమ్స్... బ్రయన్ విలియమ్స్... పులిన్... జాన్ డాస్, ఎంత చక్కగా ఏమార్చాడు! టామ్ డేవిడ్, సగం గీత! క్వినెల్, అద్భుతం! ఇతను గారెత్ ఎడ్వర్డ్స్! ఏం ఆరంభం! ఏం స్కోరు!'

అంతే. కాగితం మీద పెడితే ఏముంది ఇందులో? పేర్లు. మూడు 'అద్భుతం'లు. బెనెట్ కాలి విదుపు గురించి ఒక్క ముక్క లేదు. మెడ మీద పడిన చేయి గురించి లేదు. రెండు పేర్లు పక్కపక్కన పెట్టాడు, జాన్ విలియమ్స్, బ్రయన్ విలియమ్స్. ఆ రెండు పేర్ల మధ్య ఒక దెబ్బ ఉంది. దాన్ని కెమెరా చూపిస్తోంది, తనెందుకు చెప్పాలి?

నన్ను ఏళ్ల తరబడి పట్టుకున్నది మాత్రం ఇంకో మాట. 'వెంటపడుతున్నది అలిస్టర్ స్కోన్.' అందరి కళ్లూ బంతి మీదా బెనెట్ మీదా ఉన్నాయి. ఇంకా ఏ అద్భుతమూ జరగలేదు. ఆ క్షణంలో వెంటాడుతున్నవాడి పేరు చెప్పాలని ఏ కామెంటేటర్‌కు తోస్తుంది? స్కోన్ ఎవరు? న్యూజిలాండ్ ఫ్లాంకర్. బెనెట్ వేసుకున్న చొక్కా నంబరు పది. బంతి కోసం వంగిన పదో నంబరువాడికి వెనకనుంచి వినబడే అడుగులు ఎవరివో మోర్గన్‌కు చెప్పక్కర్లేదు. ఎల్లిస్ పార్కులో వాన్ వైక్ అడుగులు విన్న చెవి అది. పైన పెట్టెలో కూర్చున్న మనిషి ఒంట్లో ఒక క్షణం పాటు పాత ఫ్లై హాఫ్ ఉలిక్కిపడ్డాడు. అందుకే ఆ పేరు బయటికి వచ్చింది. ఆ పేరు వచ్చింది కాబట్టే తర్వాతి 'అద్భుతం' అనే మాటకు అర్థం వచ్చింది. ప్రమాదం ఎవరినుంచో తెలిస్తే గదా, తప్పించుకోవడం గొప్ప అవుతుంది.

మాజీ ఆటగాళ్లకు మైకు ఎందుకివ్వాలి అని ఎవరైనా అడిగితే నేను ఈ రెండు మాటల్నే చూపిస్తాను. వాళ్లు నియమాలు విడమరచి చెబుతారని కాదు. 'మా రోజుల్లో' అంటూ సాగదీస్తారని అసలే కాదు. వాళ్ల శరీరానికి ఒక జ్ఞాపకం ఉంటుంది. అది పనిచేసినప్పుడు మనకు కనబడనిది వాళ్లకు కనబడుతుంది. నిజం చెప్పాలంటే చాలామందిలో అది పనిచేయదు. ఆట మానేసిన మరుసటి రోజునుంచే వాళ్లకు తమ సొంత పరుగులు తప్ప ఇంకేవీ గుర్తుండవు.

జనం హోరు కాస్త తగ్గాక మోర్గన్ మరో మాట అన్నాడు. అక్షరాలను చేతబట్టిన మహా రచయిత ఎవరైనా ఈ కథ రాసి ఉంటే ఒక్కరూ నమ్మేవారు కాదు అని. ఈ వాక్యం మీద నాకు చిన్న పేచీ ఉంది. కాస్త అలంకారం ఎక్కువైంది, ట్రెబానోగ్ ప్రార్థనామందిరం గాలి పోసుకుంది. ముందు వచ్చిన పేర్ల వరుసే నాకు కవిత్వం. అయినా, మాట పోయి మళ్లీ తెచ్చుకున్న మనిషి మాటను కొంచెం ఎక్కువ ఖర్చుపెడితే కాదనడానికి మనమెవరం?

ఆ మ్యాచ్‌ను బార్బేరియన్స్ 23-11తో గెలిచారు. తర్వాత మోర్గన్ కామెంటరీ కన్నా కార్యాలయం వైపే నడిచాడు. బీబీసీ టెలివిజన్‌లో బయటి ప్రసారాల విభాగానికి అధిపతి అయ్యాడు. 1987 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు. ప్రపంచ కప్పులు, ఒలింపిక్ క్రీడలు, 1981 జూలైలో చార్లెస్, డయానాల పెళ్లి, అన్నీ ఆ విభాగం చేతిమీదుగానే ఇళ్లలోకి వెళ్లాయి. 1987నుంచి 1998 దాకా రేడియో 4లో శనివారం ఉదయాల్లో 'స్పోర్ట్ ఆన్ ఫోర్' నడిపాడు. గెలుపోటముల వార్తలకన్నా మనుషుల కథల మీదే ఆయన దృష్టి ఉండేది. తండ్రి పళ్ల కథ చెప్పినవాడు మరేం చేస్తాడు!

చివరి రోజులు బాధాకరం. ఐల్ ఆఫ్ వైట్ దీవిలో బెంబ్రిడ్జ్ అనే ఊళ్లో ఉండేవాడు. స్వరతంత్రులకు క్యాన్సర్ వచ్చింది. పక్షవాతం తీసుకుపోయి తిరిగి ఇచ్చిన గొంతును ఈసారి జబ్బు ఇవ్వలేదు. 2013 ఆగస్టు 29న, 83 ఏళ్ల వయసులో, ఆయన పోయారు. ఇంతసేపూ 'చెప్పాడు, చేశాడు' అంటూ వచ్చి ఇప్పుడు 'పోయారు' అంటున్నాను. మొదట్లో ఇచ్చిన మాట కూడా నిలబెట్టుకోలేదు, చూశారా! ఇష్టమైనవాళ్ల దగ్గర గౌరవవాచకాలు అదుపులో ఉండవు.

ఇక నేను కూర్చుంటాను. ఆ ట్రై, దానితోపాటు ఆయన గొంతు, ఇప్పుడు ఈ తెర మీద చూపిస్తారు. రెండు సార్లు వేయమన్నాను. మొదటిసారి మీకు నచ్చినట్టు చూడండి. రెండోసారి మాత్రం దయచేసి కళ్లు మూసుకుని, స్కోన్ పేరు ఎక్కడ వస్తుందో వినండి. దీపాలు ఆర్పండి, బాబూ.